గద్దకు చోటు లేని కొండ

ఉత్తర ఇంగ్లండ్, స్కాట్లండ్ కొండల మీద ఏటా ఆగస్టు 12న తుపాకులు పేలడం మొదలవుతుంది. డిసెంబరు 10 దాకా పేలుతూనే ఉంటాయి. ఆ తుపాకులకు పడేది ఊదారంగు హెదర్ పొదల్లో బతికే రెడ్ గ్రౌస్ అనే పిట్ట. ఆ వేట చట్టసమ్మతం. అయితే ఆ వేట నడిచే మూర్లనే కొండబీళ్ళ మీద, చట్టం కాపాడమన్న పక్షులు కూడా చస్తున్నాయి. వాటిలో ముఖ్యమైనది హెన్ హారియర్ అనే గద్ద, ఆ తర్వాత గోల్డెన్ ఈగిల్. ఈ వేటను పూర్తిగా ఆపాలని కొందరంటారు, అదుపులో పెడితే చాలని కొందరంటారు. ఇక్కడ వాదించుకునే ఇద్దరూ నందికొట్కూరు వైపు నుంచి వెళ్ళి బ్రిటన్‌లో స్థిరపడినవాళ్ళు. మామ యార్క్‌షైర్ లోయల్లో పల్లె డాక్టరుగా చాలా ఏళ్ళు పనిచేశాడు. వేట ఎస్టేట్లలో గ్రౌస్‌ను కాచే గేమ్‌కీపర్లు, వాళ్ళ పెళ్ళాంబిడ్డలు ఆయన పేషెంట్లు. మేనకోడలు షెఫీల్డ్‌లో ఉద్యోగం చేస్తోంది. సెలవుల్లో గద్దల గూళ్ళకు కాపలా ఉంటుంది, నిషేధం కోసం సంతకాలు సేకరిస్తుంది.

మామ: నువ్వు పంపిన కరపత్రం చదివానమ్మా. వేట ఆపాలని పెద్ద అక్షరాలతో వేశారు. ఏ వేట? కుక్కను వెంటబెట్టుకుని పొద్దున కొండెక్కి, సాయంత్రం రెండు పిట్టలతో దిగి కూర వండుకునేవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళ జోలికి పోతే పల్లెల్లో మీకు ఒక్క తలుపూ తెరుచుకోదు.

మేనకోడలు: వాళ్ళ జోలికి మేం పోవడం లేదు మామా. ఆపమంటున్నది తోలుడు వేటని. పదుల మంది బీటర్లు కొండవాలు పొడుగునా వరసకట్టి జెండాలు విదిలిస్తూ నడుస్తారు. పొదల్లోంచి లేచిన గ్రౌస్ గుంపులు నేలను రాసుకుంటూ ముందుకు ఎగురుతాయి. ఆ దారికి అడ్డంగా వరసగా మాటులు కట్టి ఉంటాయి. ఒక్కో మాటులో ఒక వేటగాడు, పక్కన లోడరు. ఒక తుపాకి పేలుతుండగానే లోడరు రెండోది నింపి చేతికిస్తాడు. ఇలాంటి తోలకాలు రోజుకు నాలుగైదు. మంచి రోజున వందల పిట్టలు పడతాయి. ధర జంటకింత అని కడతారు, 150 పౌండ్లకు పైమాటే. కుక్కతో నడిచి కొట్టేవాడికి కొండ మీద ఉన్న పిట్టలు సరిపోతాయి. ఈ వేటకు సరిపోవు.

మామ: సరిపోకపోతే పెంచుతారు. అందులో తప్పేముంది? కీపరు పని నేను దగ్గర్నుంచి చూశాను. హెదర్‌ను ముక్కలు ముక్కలుగా, వంతులవారీగా కాలుస్తాడు. కాల్చిన చోట వచ్చే లేత చిగురు పిట్టకు తిండి, ముదురు పొద దానికి దాపు. పిట్ట కడుపులో పురుగు పడకుండా మందు పట్టించిన రాతిపలుకులు కొండంతా పెడతాడు. నక్కల్ని, స్టోట్లనే చిన్న జంతువుల్ని, కాకుల్ని చంపుతాడు. అదంతా చట్టం ఒప్పుకున్నదే. మంచు పడినా వాన పడినా పని ఆగదు. జీతం చూస్తే అంతంత మాత్రం, ఉండే ఇల్లు కూడా ఎస్టేటుదే.

మేనకోడలు: ఆ చివరి మాటే అసలు మాట. ఇల్లు ఎస్టేటుది. పిట్టల లెక్క తగ్గితే అతనికి కొలువూ పోతుంది, నెత్తిన కప్పూ పోతుంది. తోలుడు వేట గిట్టుబాటు కావాలంటే జూలై నాటికి చదరపు కిలోమీటరుకు కనీసం 60 గ్రౌస్ ఉండాలని పరిశోధకులు లెక్కగట్టారు. పేరున్న మూర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉంటాయి. ఆ కొండ మీద గద్ద గూడు పెట్టిందంటే కీపరుకు అది పక్షిలా కనిపించదు, తన లెక్కలోంచి తీసివేతలా కనిపిస్తుంది. ఆ లెక్క అతను పెట్టింది కాదు. యజమాని పెట్టాడు, డబ్బిచ్చి వచ్చే వేటగాడు పెట్టాడు.

మామ: మరి ఆ తీసివేత నిజమా కాదా? లాంగమ్ సంగతి నీకు తెలియదనుకోను. స్కాట్లండ్ దక్షిణాన ఆ మూర్ మీద 1992 నుంచి 1997 దాకా గద్దల్ని ఎవరూ ముట్టుకోకుండా వదిలేసి లెక్కలు తీశారు. గూడు పెట్టే ఆడ హారియర్లు రెండు ఉండేవి, ఇరవై అయ్యాయి. వేసవిలో గ్రౌస్ పిల్లల్లో మూడో వంతుకు పైగా వాటి నోట్లోకే పోయాయి. వేట ఆగిపోయింది, కీపర్ల కొలువులూ పోయాయి. గద్దకు చోటిస్తే ఏమవుతుందో పల్లెలు కళ్ళారా చూశాయి.

మేనకోడలు: లాంగమ్ లెక్కల్ని నేను కాదనను. మా వాదానికి ఆధారమే అది. ఆ పరిశోధకులే ఇంకోటి కూడా రాశారు. గొర్రెల మేత వల్ల అంతకుముందు 40 ఏళ్ళలో అక్కడి హెదర్ దాదాపు సగం పోయి గడ్డి పెరిగింది. గడ్డిలో వోల్ ఎలకలు, చిన్న పిపిట్ పిట్టలు పెరిగాయి. హారియర్‌కు ముఖ్యమైన తిండి అవే, వాటి కోసమే గద్దలు అన్ని చేరాయి. అయినా మీ మాటే తీసుకుందాం. గద్దను బతకనిస్తే తోలుడు వేట గిట్టదు. అంటే చట్టాన్ని తూచా తప్పకుండా పాటిస్తే నడవని వ్యాపారమన్నమాట. బ్రిటన్‌లో హారియర్‌ను చంపకూడదని 1954 నుంచి చట్టం ఉంది. 1981 చట్టం దాన్ని ఇంకా గట్టి చేసింది. మరి ఇన్నేళ్ళూ ఆ వ్యాపారం ఎట్లా నడిచింది?

మామ: నువ్వు మొత్తం వృత్తినే బోనులో నిలబెడుతున్నావు. పొరపాటు చేసినవాడు ఒకడుంటే, చేయనివాళ్ళు పదిమంది ఉంటారు. పెద్దాసుపత్రికి పంపాల్సిన నొప్పిని దాచుకుని గొర్రెల కాన్పుల కాలమంతా పక్కవాడి మందకు సాయంపోయిన కీపరుకు నేను వైద్యం చేశాను. వాళ్ళని హంతకులనడం నాకు మింగుడుపడదు.

మేనకోడలు: మనుషుల్ని అనడం లేదు మామా, నేల మీద జరిగేది చెబుతున్నాను. శాటిలైట్ ట్యాగు కట్టిన 58 హారియర్ల కథ 2019లో అచ్చయింది. వాటిలో 72 శాతాన్ని చంపారని రుజువైనా అయింది, లేదా చంపి ఉండటానికే ఎక్కువ అవకాశమని తేలింది. గ్రౌస్ మూర్ మీద ఉన్నప్పుడు ఆ పక్షి చావడమో మాయమవడమో మిగతా చోట్లకన్నా పదిరెట్లు ఎక్కువ. స్కాట్లండ్‌లో 2004 నుంచి 2016 మధ్య ట్యాగు కట్టిన 131 గోల్డెన్ ఈగిల్ పిల్లల్లో 41 అనుమానాస్పదంగా మాయమయ్యాయి, ఎక్కువ భాగం కొన్ని గ్రౌస్ మూర్ల చుట్టుపక్కలే.

మామ: మాయమయ్యాయంటావు. శవం లేదు, సాక్షి లేడు. యంత్రం చెడిపోయి ఉండొచ్చుగా? కోర్టులో నిలబడుతుందా ఆ మాట?

మేనకోడలు: నిలబడదు, అందుకే శిక్షలు అంత అరుదు. కానీ యంత్రం దానంతటది చెడితే ఏమవుతుందో, మనిషి చెడగొడితే ఏమవుతుందో ఒక చోట కంటికి కనిపించింది. 2016లో ఒక ఈగిల్ ట్యాగు గ్రౌస్ మూర్లున్న లోయలో ఉన్నట్టుండి మూగబోయింది. నాలుగేళ్ళకు, 2020 మేలో, టే నది ఒడ్డున నడుస్తున్నవాళ్ళకు నీళ్ళలో సీసపు రేకు చుట్ట ఒకటి దొరికింది. విప్పితే లోపల ఆ ట్యాగే ఉంది. పక్షి వీపుకు కట్టిన పట్టీ కత్తిరించి ఉంది. సిగ్నల్ బయటికి రాకుండా సీసం చుట్టి నదిలో వేశారు. సీసపు రేకులో దానంతటది చుట్టుకునే యంత్రం ఎక్కడుంది మామా?

మామ: అది నేరమే. ఆ మాట ఎవరి ముందైనా అంటాను.

మేనకోడలు: విషం సంగతి మనకు ఇంకా బాగా తెలుసు. కేసీ కెనాల్ కింద వరి మడుల్లో మనవాళ్ళు చల్లిన గుళికల మందు గుర్తుందిగా, కార్బోఫ్యూరాన్. దాన్ని బ్రిటన్‌లో 2001లోనే నిషేధించారు. పొలంలో వాడే పనే లేకుండా పోయిన ఆ మందు, ఇన్నేళ్ళ తర్వాతా కుందేలు కళేబరం మీద చల్లి పెట్టిన ఎరల్లోనూ, చచ్చిన గద్దల కడుపుల్లోనూ బయటపడుతూనే ఉంది. ఆ ఎర ఈగిల్ అని చూడదు, కుక్క అని చూడదు.

మామ: సరే, నేరాన్ని వెనకేసుకు రాను. కానీ కథ అక్కడే ఆగలేదు. 2013లో ఇంగ్లండ్ మొత్తం మీద ఒక్క హారియర్ గూట్లోనూ పిల్ల ఎగరలేదు. పదేళ్ళు తిరిగేసరికి, 2023లో, 54 గూళ్ళు, రెక్కలొచ్చిన పిల్లలు 141. అందులో గ్రౌస్ మూర్ల మీద పుట్టినవీ ఉన్నాయి. 2018 నుంచి ఒక పద్ధతి నడిపారు. దగ్గర దగ్గరగా గూళ్ళుంటే ఒక గూటి పిల్లల్ని తీసుకెళ్ళి పెంచి, ఎగిరే వయసొచ్చాక మళ్ళీ కొండలకే వదిలారు. యజమానులకు భయం తగ్గింది, గద్దలు పెరిగాయి. మాట్లాడుకుంటే పనవుతుందనడానికి ఇది సాక్ష్యం.

మేనకోడలు: పెరగడం నాకూ సంతోషమే. కానీ మరుసటి ఏడాదే, 2024లో, గూళ్ళు 34కి పడిపోయాయి. ఇంగ్లండ్ కొండలు మోయగలిగింది 300 జతలకు పైమాటేనని ప్రభుత్వ శాస్త్రజ్ఞులే 2011లో లెక్కవేశారు. ఇంతకూ పిల్లల్ని గూట్లోంచి తీసుకెళ్ళడం ఎవరి భయం కోసం? గద్ద చేసిన తప్పేమీ లేదు. చట్టం పాటించడానికి ఒకడికి తాయిలం పెట్టినట్టుంది. ఆ పిల్లలు పెరిగి వెళ్ళాల్సింది మళ్ళీ అవే మూర్ల మీదికి.

మామ: నువ్వు కాపలా కాసే గూళ్ళలో ఏమైనా పోయాయా?

మేనకోడలు: గూడు ఎట్లా నడుస్తుందో చెబితే పోవడమంటే ఏమిటో మీకే అర్థమవుతుంది. ఆడపక్షి హెదర్‌లో నేల మీదే గూడు కడుతుంది, గుడ్ల మీంచి కదలదు. తిండి తెచ్చేది మగపక్షి. బూడిద రంగు ఒళ్ళు, రెక్కల కొసలు నలుపు. కాళ్ళలో వోల్ పట్టుకుని గూటి మీదుగా వస్తూ పిలుస్తుంది. ఆడది లేచి కిందనుంచి ఎదురెళ్తుంది. పైనుంచి అది వదలగానే ఇది గాల్లోనే ఒళ్ళు తిప్పి కాళ్ళు పైకి చాచి అందుకుంటుంది. ఒక్క క్షణం. మళ్ళీ గూటికి. ఆ మగది తిరిగి రాలేదనుకోండి, ఆడది గుడ్లు చల్లబడేట్టు వదిలి వేటకు పోవాలి, లేదా ఆకలితో కూర్చోవాలి. రెండు దారుల్లోనూ గూడు పోతుంది. 2015లో ఇంగ్లండ్‌లో గూళ్ళున్న మగపక్షులే అయిదు మాయమయ్యాయి. కాపలా ఉన్నవాళ్ళు గూటి దగ్గర ఉన్నారు. మగది వేటకు వెళ్ళేది మైళ్ళ అవతలికి, అక్కడ కాపలా ఉండదు.

మామ: నీ బాధ అర్థమైంది. నా బాధ కూడా విను. కర్లూ పేరు మీ కరపత్రంలో ఒక్కచోటా లేదు. పొడుగు వంపు ముక్కు పిట్ట. ప్రపంచంలోని కర్లూల్లో నాలుగో వంతు బ్రిటన్‌లోనే గుడ్లు పెడతాయి. 1990ల నుంచి ఇక్కడ సగం దాకా తగ్గిపోయాయి. ఇంకా మిగిలింది ఎక్కువగా కీపర్లున్న మూర్ల మీదే. ఆటర్‌బర్న్‌లో ఎనిమిదేళ్ళకు పైగా నడిపిన ప్రయోగంలో నక్కల్ని, కాకుల్ని అదుపు చేసిన చోట కర్లూ, లాప్‌వింగ్, గోల్డెన్ ప్లోవర్ పిట్టలు మూడూ దాదాపు మూడు రెట్లు ఎక్కువ పిల్లల్ని లేపాయి. రేపు వేట ఆపేస్తే కీపరు వెళ్ళిపోతాడు. నక్క మాత్రం వెళ్ళదు. ఒక పక్షి కోసం ఇంకో పక్షిని పోగొట్టుకుంటామా?

మేనకోడలు: ఈ మాటకు మావాళ్ళు చాలాసార్లు ముఖం తిప్పుకుంటారు. నేను తిప్పుకోను. ఆటర్‌బర్న్ ఫలితం నిజం. కర్లూ గూళ్ళున్న చోట నక్కల్ని అదుపు చేయాలి. పక్షుల సంరక్షణ సంఘం ఆర్‌ఎస్‌పీబీ కూడా కర్లూ కోసం కొన్నిచోట్ల ఆ పని చేస్తోంది. కానీ ఆ పని చేయడానికి తోలుడు వేటే ఉండాలా? కర్లూ దేశానికి కావలసిన పక్షి అయితే, దాన్ని కాచే మనిషికి దేశమే జీతమివ్వాలి. ఇప్పుడున్న ఏర్పాటులో కర్లూ బతకడం గ్రౌస్ వ్యాపారం మీద ఆధారపడింది, ఆ వ్యాపారమేమో గద్ద చావు మీద ఆధారపడింది.

మామ: దేశమే జీతమిస్తుందంటున్నావు. ఏ దేశం, ఏ ఖజానా? తోలుడు వేట మీద ఇంగ్లండ్‌లో 1,520 పూర్తికాలపు కొలువులకు సమానమైన పని నడుస్తోందని మూర్ యజమానులు చెబుతారు. అతిశయోక్తి ఉందనుకో, సగం తీసేయి. ఆ లోయల్లో బడి మూతపడకుండా ఉండాలంటే నాలుగు కుటుంబాల పిల్లలు చాలు, నలుగురు పోతే బడి పోతుంది. ఆగస్టులో బీటరుగా పోయే కుర్రాడి రోజుకూలి, వేటగాళ్ళు దిగే సత్రం, అక్కడ వంటమనిషి. సంతకాలు పెట్టేవాళ్ళు ఉండేది పట్నాల్లో. పోయేది వీళ్ళ బతుకు. మన రోళ్ళపాడు మర్చిపోయావా?

మేనకోడలు: మర్చిపోలేదు. చిన్నప్పుడు అమ్మమ్మ ఊరికి పోతుంటే దారిలో ఆ గడ్డిబీళ్ళే.

మామ: 1988లో బట్టమేక పిట్ట కోసం దాన్ని అభయారణ్యం చేశారు. కాపలా పెట్టారు, మంచిదే. కానీ కాపలా వల్ల కృష్ణజింకలు విపరీతంగా పెరిగి చుట్టుపక్కల చేలమీద పడ్డాయి. వేరుశనగ, జొన్న మేసేశాయి. రైతుకు న్యాయమైన పరిహారం సమయానికి అందలేదు. ఊరికీ అభయారణ్యానికీ చెడింది. ఆ పిట్ట పేరు చెబితేనే మండిపడే రోజులొచ్చాయి. చివరికి ఆ పిట్టా దాదాపు కనుమరుగైంది. చుట్టూ ఉన్నవాళ్ళ కడుపు చూడకుండా పక్షిని కాపాడబోతే ఇదే గతి. ఇక్కడా అదే చేయబోతున్నారు మీరు.

మేనకోడలు: ఆ రోళ్ళపాడు బీళ్ళలోనే చలికాలం హారియర్లు వందల్లో రాత్రి మకాం చేసేవి మామా. మధ్య ఆసియా నుంచి వచ్చే జాతులు. బీళ్ళు పొలాలైపోయి ఇప్పుడు అవీ తగ్గాయి. కాబట్టి మీ మాటకు నేను ఎదురు చెప్పను. పల్లెను పక్కనపెట్టి ఏ పక్షినీ నిలబెట్టలేం. ఆ మాట మా కరపత్రంలో లేకపోవడం లోపమే, ఒప్పుకుంటాను. అయితే లాంగమ్ కథలో మీరు చెప్పని సగం ఉంది. 1997 తర్వాత పదేళ్ళకు, వేటనూ గద్దనూ కలిపి నిలబెడదామని అందరూ కలిసి 2008 నుంచి 2017 దాకా మళ్ళీ ప్రయత్నించారు. హారియర్ గూళ్ళకు వేరే తిండి పెట్టారు. గద్దలు గ్రౌస్ పిల్లల జోలికి పోవడం బాగా తగ్గింది. కీపర్లని పెట్టారు, డబ్బు పోశారు. అయినా గ్రౌస్ తోలుడు వేట స్థాయికి చేరలేదు. అంత మంచి మనసుతో చేసిన ప్రయత్నానికి కూడా ఆ లెక్క అందలేదు. అప్పుడు ఎస్టేటు నేల అమ్మకానికి పెట్టింది. 2021లో ఆ ఊరివాళ్ళే చందాలు పోగుచేసి 5,200 ఎకరాలు కొన్నారు. మరుసటి ఏడాది దాదాపు అంతే నేల మళ్ళీ కొన్నారు. ఇప్పుడది టారస్ వ్యాలీ అభయారణ్యం. ఉద్యోగాలు ఊరి చేతిలో ఉన్నాయి. హారియర్లు ఉన్నాయి.

మామ: ఒక ఊరికి దేశమంతా చందా ఇచ్చింది. వంద ఊళ్ళకు ఎవరిస్తారు? అదొక్కటి చూసి విధానం రాయలేం. నా మాట విను. స్కాట్లండ్ మంచి దారి పట్టింది. 2024లో చట్టం చేసి గ్రౌస్ వేటకు లైసెన్సు పెట్టింది. క్రిమినల్ కోర్టులో శిక్షే పడనక్కర్లేదు, నేరం జరిగిందనడానికి తగినంత ఆధారం ఉంటే లైసెన్సు తీసేయొచ్చు. నేను ఇందాక శవం లేదు, సాక్షి లేడు అన్న చిక్కుకు అదే మందు. నేరం చేసిన ఎస్టేటు నష్టపోతుంది, చేయనిది బతుకుతుంది. ఇంగ్లండ్ కూడా అదే చేస్తే చాలు. ఆర్‌ఎస్‌పీబీ అడుగుతున్నదీ లైసెన్సునే కదా?

మేనకోడలు: అవును, అడుగుతోంది. లైసెన్సు వస్తే నేను అడ్డుపడను. ఇవాళ్టి కన్నా అది మేలే. కానీ స్కాట్లండ్‌లో మొదటి ఏడాదే ఏం జరిగింది? లైసెన్సు మొత్తం ఎస్టేటుకు వర్తించదు, పిట్టను కొట్టే నేలకే వర్తిస్తుందన్న వాదన లేచింది. ఆ నేల హద్దు బయట గద్దను చంపితే లైసెన్సు భద్రమన్నమాట. నేర్పున్న లాయరు ఉన్నంతకాలం ఇట్లాంటి సందులు దొరుకుతాయి, ఎందుకంటే ఆ లెక్క అట్లాగే ఉంది. గద్ద చస్తే లాభం వచ్చే ఏర్పాటును అలాగే ఉంచి, గద్దను చంపొద్దని కాగితం ఇస్తున్నాం.

మామ: కాగితానికి గడువివ్వాలి. చట్టం పుట్టి నాలుగు రోజులు కాలేదు.

మేనకోడలు: 1954 నుంచి ఇచ్చిన గడువు చాలలేదా? మార్క్ ఎవరీ ఎన్నో ఏళ్ళు ఆర్‌ఎస్‌పీబీలో సంరక్షణ విభాగం డైరెక్టరుగా పనిచేశారు. మాటలతో, ఒప్పందాలతో ఈ సమస్య తేలుతుందని ఆయనా ఎదురుచూశారు, చివరికి నిషేధమే దారి అన్నారు. 2016లో ఆయన పెట్టిన పిటిషన్ మీద 1,23,077 మంది సంతకం పెట్టారు. పార్లమెంటులో చర్చ జరిగింది, ప్రభుత్వం కుదరదంది. 2025లో మళ్ళీ చర్చ, మళ్ళీ అదే జవాబు. నిషేధమంటే గ్రౌస్ వేటే ఉండకూడదని కాదు. నార్వే, స్వీడన్‌లలో దీనికి చాలా దగ్గరి బంధువైన పిట్టను కుక్కలతో నడిచి కొడతారు. అక్కడ తోలుడు వేట లేదు, చదరపు కిలోమీటరుకు ఇన్ని ఉండాలనే ఒత్తిడి లేదు. ఒక గద్ద నాలుగు పిట్టల్ని తింటే ఎవడి కొలువూ పోదు. మీ పేషెంటు కుక్కతో కొండెక్కడం మానక్కర్లేదు.

మామ: నడిచి కొట్టే వేటకు ఎవడూ వేల పౌండ్లు ఇవ్వడు. ఆ డబ్బుతోనే కీపరు జీతం నడిచేది. నిషేధం రాయడానికి ఒక్క వాక్యం చాలు. కీపరుకు ఏం చేస్తారన్నది రాయాలంటే పుస్తకం పడుతుంది. మీరు ఆ పుస్తకం రాయకుండా వాక్యం రాశారు.

మేనకోడలు: అయితే ఆ పుస్తకంలో నేను అడిగేవి చెబుతాను. నిషేధం అమలుకు తారీఖు వేయాలి, ముందుగా కొన్నేళ్ళ వ్యవధి ఉండాలి. ఆ వ్యవధిలో ఎస్టేటు ఇంట్లో ఉన్న కీపరును ఖాళీ చేయించకుండా రక్షణ కావాలి. కొండల మీద ఎండబెట్టి కాల్చిన పీట్ అనే చిత్తడి నేలను మళ్ళీ నీటితో నింపే పని ఉంది. ఆ నేలలో వేల ఏళ్ళుగా పోగైన కార్బన్ ఉంది. కాలవలు పూడ్చాలి, నాచు నాటాలి, నక్కల్ని అదుపు చేయాలి, కర్లూ గూళ్ళు కాయాలి. ఆ కొండ ప్రతి వంకా తెలిసినవాడు కీపరే. ఆ పనికి మొదట పిలవాల్సిందీ అతన్నే, ప్రభుత్వ జీతంతో. రైతులకు ఇప్పుడు ఇస్తున్న పర్యావరణ సాయం ఇటు కూడా మళ్ళించొచ్చు.

మామ: ఇది నీ కరపత్రంలో ఉండి ఉంటే నేను ఇంత వాదించేవాణ్ణి కాదు. ఇప్పటికీ నిషేధానికి సంతకం పెట్టను. గట్టి లైసెన్సు పెట్టి, మొత్తం ఎస్టేటుకు వర్తింపజేసి, నేరం తేలితే కనికరం లేకుండా రద్దు చేసి అయిదేళ్ళు చూడాలంటాను. అప్పటికీ గద్దలు మాయమవుతూనే ఉంటే నీ దారి తప్ప ఇంకో దారి లేదని ఒప్పుకుంటాను.

మేనకోడలు: ఆ అయిదేళ్ళూ ఎవరు ఖర్చు పెట్టుకుంటున్నారో చెప్పండి మామా. లైసెన్సు పనిచేస్తుందో లేదో తెలిసేది గద్దలు చస్తున్నాయో లేదో లెక్కపెట్టాకే. అంటే పరీక్ష ఫీజు గద్దే కడుతుంది. నేను అడిగేది ఆ భారాన్ని అటు మార్చమని. మా వేట వల్ల గద్ద చావదని రుజువు చేయాల్సింది వేటతో లాభం పొందేవాళ్ళు. రుజువు చేసిన మూర్ నడవొచ్చు. అప్పటిదాకా తోలకం ఆగాలి.

మామ: అయితే నీ కరపత్రంలో ఆ మాట రాయి, కీపరు జీతం మాటతో కలిపి. రాశాక ఈ లోయలో ఇల్లిల్లూ తిరుగు. నేనూ నీ వెంట వస్తాను. నా వాదన నేను చెప్పుకుంటాను, నీ వాదన నువ్వు చెప్పుకో. ఆ కొండ మీద బతికేవాళ్ళ ముందు ఇప్పటిదాకా ఎవరూ ఇద్దరి మాటా కలిపి పెట్టలేదు.